డయాలసిస్ చేతికి మోచేతి వాపు: ఎమ్మారై అప్పుడే వద్దు

మీ మావయ్యగారికి పలాసలో డయాలసిస్ జరుగుతోందనీ, మోచేతి వెనక నిమ్మకాయంత వాపు వచ్చిందనీ, తెలిసినవాళ్లు ఎమ్మారై తీయించమంటున్నారనీ రాశారు. మాది కవిటి, శ్రీకాకుళంలో రేడియోగ్రాఫర్‌గా పనిచేస్తున్నాను. మా చిన్నాన్నకీ అచ్చం ఇలాగే వచ్చింది. నా మాటైతే ముందు ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ చేయించండి. ఎమ్మారై సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మోచేతి కొన ఎముకకీ చర్మానికీ మధ్య బర్సా అని పల్చటి సంచి ఉంటుంది. చర్మం ఎముక మీద సాఫీగా జారడానికి అది. మామూలుగా ఉన్నప్పుడు స్కాన్‌లో దాదాపు కనిపించదు. ఒరిపిడి, దెబ్బ, గౌట్ (యూరిక్ యాసిడ్ స్ఫటికాలు పేరుకునే జబ్బు), ఇన్ఫెక్షన్ ఏది తగిలినా నీరు పట్టి ఉబ్బుతుంది. డయాలసిస్‌లో ఫిస్టులా (సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి ధమనినీ సిరనీ కలిపిన చోటు) ఉన్న చేతిని నాలుగేసి గంటలు కదపకుండా ఆనించి ఉంచాలి కదా, ఆ బరువంతా మోచేతి కొన మీదే. డాక్టర్లు దీన్ని డయాలసిస్ ఎల్బో అనే అంటారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం వైపు నుంచి ఈ వాపుతో ఎవరొచ్చినా, సూది ఏ చేతికి పెడుతున్నారని ముందు అడుగుతాను.

చిన్నాన్నకి ఎక్స్‌రే పక్కనుంచి తీశాను. కీలులో నీరు చేరితే ఎముక వెనకున్న కొవ్వు పొర జరిగి నల్లటి గీతలా బయటపడుతుంది. ఆయన ఫిల్ములో అది లేదు, చర్మం కింద ఉబ్బు మాత్రమే ఉంది. ఈ సంచికీ కీలుకీ మామూలుగా దారి ఉండదు. అందుకే అంత వాపులోనూ చెయ్యి బాగానే చాపగలిగాడు. కిడ్నీ రోగుల్లో కాల్షియం పేరుకోవడం, ఎముక కొన మీద ముల్లు లేవడం కూడా ఎక్స్‌రేలోనే తేలుతాయి.

అల్ట్రాసౌండ్ రేడియాలజిస్టు మేడం చేశారు. జెల్ దండిగా పూసి, ప్రోబ్‌ను ఆనీ ఆననట్టు పట్టుకున్నారు. గట్టిగా నొక్కితే నీరు పక్కలకి పోయి సంచి ఖాళీగా కనిపిస్తుంది. లోపల నల్లగా నీరు, అందులో తేలే మసక రేణువులు, రక్తప్రసారం చూపే డాప్లర్ పెట్టగానే గోడ చుట్టూ రంగు. ఆ రంగు కనిపించిందంటే అక్కడ రక్తప్రసారం పెరిగిందని అర్థం, అంతే. ఒరిపిడికైనా, గౌట్‌కైనా, చీముకైనా అలాగే కనిపించవచ్చు. రిపోర్టులో బర్సైటిస్ (అంటే బర్సా వాపు) అన్న మాట చూసి యాంటీబయాటిక్ కొనేసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇన్ఫెక్షన్ ఉందో లేదో నీరు తీసి ల్యాబ్‌కి పంపితే తెలుస్తుంది. కణాలు లెక్కిస్తారు, క్రిములు పెరుగుతాయేమోనని కల్చర్ పెడతారు, గౌట్ స్ఫటికాలు వెతుకుతారు. చీము పట్టించే క్రిముల్లో ఎక్కువగా దొరికేది స్టెఫిలోకాకస్ ఆరియస్. నీరు తీసే డాక్టరుకి రెండు విషయాలు తప్పక చెప్పండి: ఫిస్టులా ఏ చేతికి ఉందో, డయాలసిస్‌లో హెపారిన్ ఇస్తున్నారో లేదో. హెపారిన్ రక్తం గడ్డకట్టనివ్వదు.

ఎముకకి ఇన్ఫెక్షన్ పాకిందని అనుమానం వచ్చినప్పుడు, వాపు ఎంతకీ తగ్గనప్పుడు ఎమ్మారై పనికొస్తుంది. నీరు కనిపించడానికి కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనపడేందుకు ఇచ్చే మందు) ఇంజెక్షన్ అక్కర్లేదు. గడోలినియం కాంట్రాస్టుల్లో కొన్ని పాత రకాల వల్ల, కిడ్నీలు పనిచేయనివాళ్లకి చర్మం గట్టిపడే జబ్బు రావచ్చని 2006లో బయటపడింది. ఇప్పటి రకాలతో ఆ ముప్పు చాలా తక్కువ. అయినా డయాలసిస్ సంగతి స్కాన్ సెంటర్లో ముందే చెప్పాలి.

వాపు ఎర్రగా, వేడిగా ఉన్నా, చెయ్యి వంచలేకపోతున్నా ఆ రోజే చూపించండి. డయాలసిస్ వాళ్లకి ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం పెద్దగా రాకపోవచ్చు కాబట్టి, జ్వరం లేదు కదా అని ఊరుకోవద్దు. నొప్పి బిళ్లలు కిడ్నీ డాక్టర్ని అడగకుండా వేయకండి. ఈలోగా డయాలసిస్‌కి వెళ్లినప్పుడల్లా ముంజేతి కింద మెత్తటి దిండు పెట్టి, మోచేతి కొన దేనికీ ఆనకుండా చూడండి. సిస్టర్లకి చెబితే వాళ్లే సర్దుతారు.