పసిపిల్లల ప్రత్యేక విద్య చదవాలంటే: ఫీజు ఎవరు కడతారు, ప్రతిగా ఏమి అడుగుతారు?

అమెరికాకు కొత్తగా వచ్చినవారు, ముఖ్యంగా భర్త ఉద్యోగం వల్ల హెచ్-4 వీసాపై వచ్చిన మన ఆడపిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "చిన్నపిల్లల స్పెషల్ ఎడ్యుకేషన్‌లో టీచర్ కావాలని ఉంది. మాస్టర్స్ ఫీజు చూస్తే భయం వేస్తోంది. ఎవరైనా సాయం చేస్తారా?"

చేస్తారు. ఈ రంగంలో టీచర్ల కొరత ఏళ్ల తరబడి తీరడం లేదు. అందుకే చాలా మాస్టర్స్ కోర్సులకు దొరకని సాయం దీనికి దొరుకుతుంది. కానీ అందులో పెద్ద మొత్తాలన్నీ చదువయ్యాక కొన్నేళ్లు ఇదే పని చేస్తానని మాట ఇచ్చి తీసుకునేవే. ఎంత ఇస్తారని అందరూ అడుగుతారు. ప్రతిగా ఏమి రాయించుకుంటారో ముందు అడగండి.

అసలు ఈ డబ్బు ఎక్కడిదో తెలిస్తే వెతకడం సులువవుతుంది. వైకల్యం ఉన్న పిల్లలకు బడి చదువును హక్కుగా చేసిన చట్టం 1975లో వచ్చింది. 1986 సవరణతో పుట్టిన నాటి నుంచే సేవలు అందే ఏర్పాటు జరిగింది. ఇప్పుడు దాన్ని ఐడియా (IDEA) చట్టం అంటున్నారు. మూడేళ్లలోపు పిల్లల ఎదుగుదల లోపాలను తొలిదశలోనే సరిదిద్దడానికి ఇంటి దగ్గర అందే ఎర్లీ ఇంటర్వెన్షన్ సేవలు పార్ట్-సి కిందకు, మూడేళ్లు నిండినవారి ప్రీస్కూల్ పార్ట్-బి కిందకు వస్తాయి. వీరికి చదువు చెప్పేవారిని తయారు చేయడానికి పార్ట్-డి కింద ఫెడరల్ విద్యాశాఖ విశ్వవిద్యాలయాలకు గ్రాంట్లు ఇస్తుంది. విద్యార్థి నేరుగా విద్యాశాఖకు దరఖాస్తు చేసేది ఏమీ ఉండదు. గ్రాంటు వచ్చిన ప్రొఫెసర్ తన విద్యార్థులను ఎంచుకుని, వారి ఫీజు కడతారు, కొన్నిచోట్ల నెలవారీ భత్యం కూడా ఇస్తారు. కాబట్టి విశ్వవిద్యాలయ ఆర్థిక సహాయ కార్యాలయం చెప్పే సమాధానంతో ఆగిపోకండి. స్పెషల్ ఎడ్యుకేషన్ విభాగంలో కోర్సు సమన్వయకర్తకు ఉత్తరం రాసి, "మీ దగ్గర పార్ట్-డి గ్రాంటు ఉందా, అది ఎన్నో ఏడాదిలో ఉంది?" అని అడగండి. గ్రాంటుకు కాలపరిమితి ఉంటుంది. అది చివరి ఏడాదిలో ఉంటే మీ రెండో ఏడాది ఫీజు మీ మీదే పడవచ్చు.

దీనికి షరతు సూటిగా ఉంటుంది. సాయం పొందిన ప్రతి విద్యా సంవత్సరానికి రెండేళ్లు ఈ రంగంలో పనిచేయాలి. రెండేళ్ల మాస్టర్స్ అంటే నాలుగేళ్ల సేవ. దాన్ని పూర్తి చేయడానికి, చేయాల్సిన కాలానికి మరో ఐదేళ్లు కలిపి గడువు ఇస్తారు. తప్పితే వడ్డీతో తిరిగి కట్టాలి. పిల్లల కోసమో, ఊరు మారడం వల్లో మధ్యలో ఆగినా ఆ ఐదేళ్లు ఊపిరి పీల్చుకోనిస్తాయి. దేశంలో ఏ రాష్ట్రంలో చేసినా లెక్కలోకి వస్తుంది. అర్హత ఉన్నవారికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

రెండోది టీచర్ కావాలనుకునే విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే టీచ్ గ్రాంటు. చట్టం ప్రకారం ఏడాదికి 4,000 డాలర్లు, చేతికి వచ్చేది అంతకంటే కొంచెం తక్కువ. మాస్టర్స్‌కు మొత్తం పరిమితి 8,000. చదువయ్యాక ఎనిమిదేళ్లలోపు నాలుగేళ్లు తక్కువ ఆదాయ ప్రాంతాల బడుల్లో, కొరత ఉన్న సబ్జెక్టులో పూర్తికాలం పనిచేయాలి. స్పెషల్ ఎడ్యుకేషన్ అలాంటి సబ్జెక్టే. మాట తప్పితే గ్రాంటు అప్పుగా మారుతుంది, డబ్బు ఇచ్చిన రోజు నుంచే వడ్డీ లెక్కిస్తారు. మన రంగంవారు ఇక్కడే జాగ్రత్తపడాలి. ఈ గ్రాంటు అడిగేది ఎలిమెంటరీ లేదా సెకండరీ బడిలో సేవ. ఇళ్లకు వెళ్లి ఏడాది పిల్లలతో పనిచేసే ఎర్లీ ఇంటర్వెన్షన్ ఉద్యోగమే మీ కోరిక అయితే, ఆ ఏళ్లు లెక్కలోకి రాకపోయే ప్రమాదం ఉంది. పార్ట్-డి సేవలో మాత్రం ఆ పనీ చెల్లుతుంది. మీ మనసు ఏ వయసు పిల్లల మీద ఉందో తేల్చుకున్నాకే సంతకం పెట్టండి.

ఇక వీసా సంగతి. పై రెండూ ప్రధానంగా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికే. హెచ్-4, ఎఫ్-1 (విద్యార్థి వీసా), హెచ్-1బి వీసాలపై ఉన్నవారికి ఫెడరల్ విద్యా సహాయం రాదు. ఈ మాట చెప్పడం నాకు ఇష్టం లేదు, కానీ ఆశతో నెలలు పోగొట్టుకోవడం కంటే ఇప్పుడే తెలుసుకోవడం మేలు. హెచ్-4 నుంచి వీసా మార్చుకోకుండానే పూర్తికాలం చదవవచ్చు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు హెచ్-4 వారిని స్థానిక నివాసులుగా గుర్తించి తక్కువ ఫీజు తీసుకుంటాయి. మామూలుగా ఏడాది నివాసం చూపించాలి. ఎఫ్-1కు మారితే ఆ వెసులుబాటు పోవచ్చు. భర్త గ్రీన్‌కార్డు కోసం ఆయన యజమాని వేసే ఐ-140 పిటిషన్ ఆమోదం పొందితే, 2015 నుంచి హెచ్-4 వారికి పని అనుమతి కోరే అవకాశం ఉంది. అది చేతికి వస్తే దారి మారిపోతుంది. బడిలో స్పెషల్ ఎడ్యుకేషన్ తరగతి సహాయకురాలిగా, అంటే పారాప్రొఫెషనల్‌గా చేరండి. జీతం తక్కువే. కానీ కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు తమ సహాయకులను టీచర్లుగా చేసుకోవడానికి వారి ఫీజు భరిస్తాయి. యజమాని ఇచ్చే ఇలాంటి సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను ఉండదు. 2022లో టెన్నెసీతో మొదలై, జీతం తీసుకుంటూ టీచర్ అయ్యే రిజిస్టర్డ్ అప్రెంటిస్‌షిప్‌లు ఇతర రాష్ట్రాలకూ వ్యాపించాయి. డేకేర్‌లో పనిచేసేవారైతే టీచ్ ఎర్లీ చైల్డ్‌హుడ్ స్కాలర్‌షిప్ గురించి అడగండి. పైన చెప్పిన టీచ్ గ్రాంటుకూ దీనికీ పేరులో తప్ప సంబంధం లేదు. 1990లో నార్త్ కరోలినాలో మొదలైంది, ఇప్పుడు అనేక రాష్ట్రాల్లో ఉంది.

ఎఫ్-1పై వచ్చేవారికి ప్రధానంగా మిగిలేది విశ్వవిద్యాలయం సొంతంగా ఇచ్చే అసిస్టెంట్‌షిప్, అంటే బోధనలోనో పరిశోధనలోనో పనిచేసినందుకు ఇచ్చే సాయం. అది లేకుండా ఇంటి మీద అప్పు తెచ్చి ఈ చదువుకు రావద్దని గట్టిగా చెబుతాను. ఇక్కడ టీచర్ జీతంతో ఆ అప్పు తీర్చడం చాలా కష్టం.

దరఖాస్తుకు ముందే మన దేశపు డిగ్రీని మదింపు చేయించండి, అంటే అది అమెరికాలో దేనికి సమానమో తేల్పించుకోండి. ఏ సంస్థ మదింపును మీ రాష్ట్ర టీచర్ లైసెన్సు బోర్డు ఒప్పుకుంటుందో అడిగాకే డబ్బు కట్టండి. మూడేళ్ల డిగ్రీని నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా చూడకపోవచ్చు. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థలోనో మరోచోటో ప్రత్యేక విద్యలో డిప్లొమా, బీఎడ్ చేసినవారు ప్రతి సబ్జెక్టు వివరాలూ సిలబస్‌తో సహా తెప్పించుకోండి. అక్కడ చదివిన కొన్ని క్రెడిట్లు ఇక్కడ చెల్లితే అంత ఫీజూ మిగిలినట్టే.

దరఖాస్తుతో పంపే వ్యాసంలో చాలామంది మన భాష ఊసే ఎత్తరు. ఎత్తండి. పిల్లల సామర్థ్యాన్ని వీలైనంత వరకు వారి మాతృభాషలో అంచనా వేయాలని ఐడియా చట్టమే చెబుతోంది. మాటలు ఆలస్యమైన రెండేళ్ల బిడ్డను ఒడిలో పెట్టుకున్న తల్లితో తెలుగులో మాట్లాడగలిగిన టీచర్ ఆ ఇంటికి ఎంత అవసరమో మీరు చూసి ఉంటే, అదే రాయండి.