‘అమ్మకం నిమిత్తం’ అన్న రెండు మాటలే మీ కేసు

ప్రశ్న: మాది కావలి. నాన్న కాలిఫోర్నియాలో చాలా ఏళ్లు పనిచేసి తిరిగి వస్తూ మూడు చేతి తయారీ కత్తులు తెచ్చుకున్నారు. రెండు రాబర్ట్ లవ్‌లెస్ అనే ఆయన చేసినవి, మూడోది కొమ్ము పిడి ఉన్నది. ప్రతి ఆదివారం నూనె గుడ్డతో తుడిచేవారు. 2021లో నాన్న పోయాక, నెల్లూరులో ఉండే ఆయన స్నేహితుడు (బాబాయ్ అని పిలుస్తాను) ‘కొనేవాళ్లు నాకు తెలుసు, పది శాతం ఉంచుకుని మిగతాది ఇస్తాను’ అంటే 2022 ఆగస్టు 20న మా ఇంట్లోనే మూడూ ఇచ్చాను. తెల్లకాగితం మీద రసీదు రాసి సంతకం పెట్టారు. 2023 జనవరిలో ఒక లవ్‌లెస్ కత్తి అమ్మానని ఫోన్‌పేలో 60 వేలు పంపారు. రెండోది తానే ఉంచుకుని 30 వేలు ఇస్తానన్నారు, ఇవ్వలేదు. కొమ్ము పిడి కత్తి తిరిగి రాలేదు. 2024 మార్చి 11న లెక్క అడిగితే ‘లెక్కలూ లేవు, పత్రాలూ లేవు, ఇక అడగొద్దు’ అని వాట్సాప్‌లో జవాబు పెట్టారు. ఇంటర్నెట్‌లో ఇలాంటి కత్తులకు ఒక్కోదానికి ఐదు లక్షల పైనే చెబుతున్నారు. 15 లక్షలు రాబట్టవచ్చా? రసీదులో రాతకూ సంతకానికీ మధ్య ఖాళీ ఉంది, అందులో ధర రాసుకోమని తెలిసినాయన సలహా ఇచ్చారు. ఆయన తయారుచేసిన నోటీసు జతచేశాను. అమ్మ, చెల్లెలు నిద్ర లేకుండా ఉన్నారు.

జవాబు: మీ ఉత్తరంలో రెండు పేజీలు బాబాయ్ చేసిన నమ్మకద్రోహం గురించే ఉన్నాయి. కేసు తేలేది వాటితో కాదు, మీరు ఫోటో తీసి పంపిన రసీదులోని ఒక్క వాక్యంతో. ‘మూడు చేతి తయారీ కత్తులు తోలు ఒరలతో సహా అమ్మకం నిమిత్తం అందుకొన్నాను.’ కొన్నాను అనలేదు, ధర రాయలేదు, అమ్మకం నిమిత్తం అన్నారు. అంటే ఆయన మీ దగ్గర కొన్న మనిషి కాదు, మీ తరఫున అమ్మిపెట్టే ఏజెంటు. పది శాతం మాట దీనికి సరిగ్గా సరిపోతుంది.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో చెబుతాను. మీరే ఆయనకు అమ్మారనుకుంటే, 1963 లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 14 ప్రకారం దావా వేయడానికి సరుకు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లే గడువు. 2025 ఆగస్టు 20తో అది అయిపోయింది. ఏజెంటుకు అప్పగించారనుకుంటే ఆర్టికల్ 3 వర్తిస్తుంది. ఏజెన్సీ, అంటే మీ తరఫున అమ్మిపెట్టే ఏర్పాటు, నడుస్తుండగా మీరు లెక్క అడిగి, ఆయన కాదన్న రోజు నుంచి మూడేళ్లు. మీ వాట్సాప్ జవాబును బట్టి 2027 మార్చి 11 వరకు. అయితే ఏజెన్సీ 2023లోనే ముగిసిందని ఎదుటి వకీలు వాదించవచ్చు. కాబట్టి ఆఖరి తేదీ దాకా ఆగకండి. ఆ 60 వేల ఫోన్‌పే చెల్లింపు వల్ల గడువు మళ్లీ మొదలవుతుందన్న ధీమా కూడా వద్దు. అదే లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 కింద, చెల్లించినట్టు ఆ వ్యక్తి చేతిరాత గానీ, సంతకం పెట్టిన రాత గానీ ఉండాలి.

ఇప్పుడు ఆ నోటీసు చూడండి. మొదటి పేరాలోనే ‘నేను మీకు అమ్మిన మూడు కత్తుల తాలూకు బాకీ’ అని ఉంది! అది పోస్టులో వేసి ఉంటే కేసు మీ చేత్తోనే పోయేది. మీరే అమ్మానన్నాక ఏజెంటు అని ఎలా అంటారు? పంపకపోవడం మీ అదృష్టం. చట్టం తెలియని వాళ్ల చేత నోటీసులు రాయించకండి.

రసీదులో ఖాళీ సంగతి. సంతకం పైన మూడు వేళ్ల వెడల్పు జాగా ఉన్నమాట నిజమే. అక్కడ ఒక్క అక్షరం రాసినా అది ఫోర్జరీ. వస్తువు అందినట్టు ఇచ్చే రసీదును ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 338 కింద పదేళ్ల వరకు, యావజ్జీవం దాకా కూడా శిక్ష పడవచ్చు. సిరా తేడా, అక్షరాల ఒత్తిడి ల్యాబులో తెలిసిపోతాయి. పైగా మీ చేతిలో ఉన్న ఒకే ఒక గట్టి సాక్ష్యం ఆ కాగితం. దానికి లామినేషన్ చేయించొద్దు, మడత విప్పి కవర్లో పెట్టి బీరువాలో ఉంచండి.

ఇక ధర. మొదటి కత్తి విషయంలో మార్కెట్ ధర ఎంత అన్న ప్రశ్నే రాదు, ఆయనకు నిజంగా ఎంత వచ్చిందన్నదే లెక్క. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 213 ప్రకారం అడిగితే ఏజెంటు లెక్క చెప్పాలి. సెక్షన్ 218 ప్రకారం వచ్చిన సొమ్ము ఇవ్వాలి. అది 70 వేలకు అమ్ముడై ఉంటే మీకు రావలసింది 63 వేలు, ఏడు లక్షలకు అమ్ముడై ఉంటే ఆరు లక్షల 30 వేలు. ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్లు కోర్టు ద్వారా తెప్పించవచ్చు.

రెండో కత్తి దగ్గర మార్కెట్ ధర అవసరం అవుతుంది. అమ్మిపెడతానన్నవాడు మీకు నష్టం కలిగేలా తానే కొనేసుకుంటే సెక్షన్ 215 కింద ఆ బేరాన్ని మీరు కొట్టేయమని అడగవచ్చు. 30 వేలు చవక అని మీరు చూపించాలి. ఇంటర్నెట్‌లో అమ్మేవాడు పెట్టిన ధర సాక్ష్యం కాదు, అది అతని ఆశ. నిజంగా అమ్ముడైన ధరలు కావాలి, అదీ ఆ రోజులకు దగ్గరగా, అదే నమూనా, అదే స్థితిలో ఉన్నవాటికి. లవ్‌లెస్ 2010లో చనిపోయారు. ఇక కొత్తవి రావు కాబట్టి గిరాకీ ఉంది, అందుకే నకిలీలూ ఉన్నాయి. బ్లేడు మీద ముద్రలో ఆయన పనిచేసిన ఊళ్లలో లాన్‌డేల్ పేరు ఉందా, రివర్‌సైడ్ పేరు ఉందా అన్నదాన్ని బట్టి కూడా సేకరించేవాళ్లు ధర మారుస్తారు. ఎప్పుడూ వాడని కత్తికీ, ఇంట్లో మాంసం కోసి సానపట్టించిన కత్తికీ మధ్య చాలా తేడా. అసలు ఒర ఉందా, కొన్న బిల్లు ఉందా అనీ చూస్తారు. నాన్నగారి పాత పెట్టెల్లో బిల్లు, ఉత్తరాలు, బ్లేడు ముద్ర కనిపించే ఫోటోలు వెతకండి. ఇవేవీ లేకుండా 15 లక్షలు అని దావాలో వేస్తే కోర్టు ఫీజు దండగ. లెక్కల దావాలో ముందు మీకు తోచిన అంచనా వేసి ఫీజు కట్టవచ్చు, తేలిన మొత్తం ఎక్కువైతే మిగతా ఫీజు అప్పుడు కట్టాలి.

మూడోదానికి డబ్బు అడగకండి, కత్తే అడగండి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 8 ఏజెంటు దగ్గరున్న వస్తువును తిరిగి ఇప్పించడానికే ఉంది. దావాతో పాటే, తేలేదాకా రెండు కత్తులూ అమ్మకూడదని ఇంజంక్షన్ కోరండి, వాటి స్థితి నమోదు చేయడానికి అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని అడగండి. మన సముద్రపు గాలికి తోలు ఒరలో వదిలేసిన బ్లేడు మరకలు పడుతుంది. నాన్నగారు ప్రతివారం తుడిచింది అందుకే. అయితే ఆ పిడి ఏ జంతువు కొమ్ము? అమెరికాలో చాలామంది మన దేశపు కణుజు (సాంబార్ జింక) కొమ్మునే వాడేవారు. కణుజు కొమ్ముతో చేసిన వస్తువుల వ్యాపారం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషిద్ధం. ఆ ఒక్క కత్తి వరకు బేరమే చెల్లదనే వాదన వస్తుంది. కాబట్టి అదేమిటో తేలేదాకా దాని ఫోటోలు ఎక్కడా పెట్టకండి, మీ వకీలుకు మాత్రం దాచకుండా చెప్పండి.

పోలీసు కంప్లయింటు ఇస్తే ఆయన దిగివస్తాడని మీ బంధువులు అంటున్నారని రాశారు. ఇవ్వాలంటే ఇవ్వండి, జరిగింది జరిగినట్టు రాయండి, దొంగతనం అని రాయకండి. కానీ స్టేషన్ చుట్టూ తిరిగిన రోజులు సివిల్ దావా గడువులోంచి తీసేయరు.

ఒక సంగతి మీరు అసలు ఆలోచించలేదు. కత్తులు నాన్నగారివి. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకూ చెల్లెలికీ మీతో సమాన వాటా. దావా మీ ఒక్కరి పేరుతో వేయకండి. వాళ్లను తర్వాత చేరిస్తే, వాళ్ల వరకు దావా చేర్చిన రోజునే వేసినట్టు లెక్కపెడతారు. ఆ రోజుకు గడువు దాటి ఉంటే వాళ్ల వాటా పోతుంది. ముగ్గురూ వాదులుగా మొదటి రోజే సంతకం చేయండి.

కత్తులు అప్పగించింది మీ ఇంట్లో కాబట్టి కావలి కోర్టులోనే వేయవచ్చు. విలువను బట్టి జూనియర్ లేదా సీనియర్ సివిల్ జడ్జి దగ్గర. ముందు వకీలు ద్వారా కొత్త నోటీసు, స్పీడ్ పోస్టులో. అందులో అప్పగింత, కమీషను, లెక్క అడిగిన తేదీ, ఆయన కాదన్న తేదీ ఉండాలి. ‘అమ్మాను’ అన్న మాట ఎక్కడా రాకూడదు. జవాబుకు 15 రోజులు చాలు.

చివరిగా ఫోను. కొత్తది కొన్నప్పుడు చాట్ బ్యాకప్ తీయలేదని, స్క్రీన్‌షాట్లు మాత్రం ఉన్నాయని ఏదో చిన్న విషయంలా రాశారు. గడువు మొత్తం ఆ ఒక్క మెసేజ్ మీద నిలబడి ఉంటే ఇంత నిర్లక్ష్యమా? భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, ఒక భాగం నిపుణుడు నింపాలి, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేతం) ఉండాలి. పాత ఫోను సొరుగులో పడి ఉందని మీరే రాశారు కదా. దాన్ని ఎక్స్ఛేంజిలో ఇవ్వకండి, రీసెట్ చేయకండి. ఛార్జింగ్ పెట్టి, మార్చి 11 మెసేజ్ అందులో ఇంకా ఉందో లేదో చూసి, ఈ వారంలోనే ఆ ఫోనుతో సహా వకీలు దగ్గరకు వెళ్లండి.