మేనకోడలికి, బి.ఎడ్. ఇంటర్న్‌షిప్ గురించి

చి. అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

లెక్కలు, సైన్సు బి.ఎడ్. పిల్లల ఇంటర్న్‌షిప్ బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కోనసీమ హైస్కూళ్లలో లెక్కలు చెబుతూ, ఏటా కాలేజీల నుంచి వచ్చే ట్రైనీలను దగ్గరగా చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

రెండేళ్ల బి.ఎడ్.లో 20 వారాలు బడిలో గడపాలి, అందులో 16 రెండో ఏడాదివే. చాలాచోట్ల అవి రికార్డులు రాయడానికీ, సెలవు పెట్టిన టీచర్ల పీరియడ్లు నింపడానికీ పోతాయి. లెక్చరర్ వచ్చి వెనక బెంచీలో కూర్చుని మార్కులు వేసి వెళ్తారు. బడి మాస్టారు సంతకం పెడతారు. ఆ ఇద్దరూ ఒక్క పాఠం గురించి కూడా కలిసి మాట్లాడుకోరు. నువ్వు ముందు మార్చాల్సింది ఇదే.

మన వైపు పిల్లలకు ఎకరాలు, సెంట్లు ఇంట్లోనే వచ్చేస్తాయి. చేను కొలవమంటే ఎదురెదురు గట్ల సరాసరి తీసి, ఆ రెంటినీ గుణించి, వచ్చిన చదరపు గజాలను 48.4తో భాగించి సెంట్లు చెప్పేస్తారు. పెద్దవాళ్ల దగ్గర చూసి నేర్చుకున్నది. ఇది బడి మాస్టారికి తెలుసు. ఆ లెక్క దీర్ఘచతురస్రానికే సరిపోతుందనీ, మూలలు వంకరగా ఉంటే ఎప్పుడూ అసలు కంటే ఎక్కువే చూపిస్తుందనీ యూనివర్సిటీ లెక్చరర్ నిరూపించగలరు. ట్రైనీకి రెండూ కావాలి. అందరినీ ఒకే గట్టు మీదికి తీసుకెళ్లి, పదో తరగతి పిల్లల చేతికి టేపు ఇప్పించు. కర్ణం వెంబడి కొలిచి రెండు త్రిభుజాలు చేస్తే తేడా వాళ్లకే తేలుతుంది. సెంటు ధర తెలిసిన పిల్లలు, ఆ తేడాను తేలిగ్గా వదలరు. ఆ పూట వాళ్లు అడిగే ప్రశ్నలను ట్రైనీ రాసుకోవాలి. నాకైతే పాఠ్య పథకాల రికార్డు కంటే ఆ పుస్తకమే విలువైనది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడులతో మొదలైన సైన్సు కార్యక్రమంలో ఢిల్లీ యూనివర్సిటీ అధ్యాపకులు పల్లె మాస్టార్లతో కలిసి కూర్చుని ప్రయోగాలు చేశారు. అది 2002 దాకా నడిచింది.

ట్రైనీలను ఇద్దరేసి చొప్పున పంపు. ఒకరు పాఠం చెబుతుంటే రెండోవాళ్లు పిల్లల నోటుపుస్తకాలు చూడాలి. లంక గ్రామాల బడులను వరదల నెలల్లో పెట్టకు. జూలై, ఆగస్టుల్లో పడవ మీద వెళ్లాల్సి వస్తే సగం రోజులు పోతాయి, ఇంట్లోవాళ్లకు టెన్షన్ వేరే.

ఇంకొకటి. ట్రైనీలను పంపే ముందే ఆ బడి మాస్టార్లను ఒక రోజు మీ కాలేజీకి పిలిచి, వాళ్ల చేత మీ విద్యార్థులకు ఒక క్లాసు చెప్పించు. డ్యూటీ ఉత్తర్వు, దారి ఖర్చులు ముందే చూసుకో. అవి లేకపోతే హెడ్మాస్టర్లు పంపలేరు.

ఉంటాను,
మావయ్య