కమాన్ బుష్షుకి మంట పెట్టొద్దు

ప్రశ్న: మాది కవిటి దగ్గర పల్లెటూరు. కొబ్బరికాయల లోడుకి 1997 మోడల్ జీపు వాడుతున్నాం. గతుకుల్లో ముందువైపు టకటకమని చప్పుడొస్తోంది, బ్రేకు వేస్తే బండి ఎడమకి లాగుతోంది. ముందు కమాన్ కట్టల (ఉక్కు పట్టీల స్ప్రింగుల) చివర ఉండే రబ్బరు బుష్షులు పోయాయన్నారు. కొత్తవి తెచ్చాను కానీ పాతవి ఊడటం లేదు. రెండు రోజులు సమ్మెటతో కొట్టించాను. గ్యాస్‌తో కాల్చేస్తే రబ్బరు కరిగి వచ్చేస్తుందని వెల్డింగ్ షాపు కుర్రాడు అంటున్నాడు. కాల్పించమంటారా?

జవాబు: వద్దు బాబూ. ఆ కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు, వచ్చేస్తుంది. నేనూ అలా ఊడగొట్టినవాణ్ణే. విజయనగరంలో పని నేర్చుకునే రోజుల్లో, మేస్త్రీ భోజనానికి వెళ్లిన టైము చూసి, మెయిన్ పట్టీ కన్ను, అంటే బుష్షు కూర్చునే గుండ్రటి చివర, ఎర్రబడేదాకా కాల్చి పది నిమిషాల్లో బుష్షు కింద పడేశాను. గొప్ప పని చేశాననుకున్నాను. మేస్త్రీ వచ్చి, పక్కన నీలం తిరిగిన పట్టీ చూసి, "ఏటిరా, ఉక్కుని ఇనుము చేసీసినావు" అన్నాడు. నెల తిరక్కుండా ఆ బండి సాలూరు ఘాట్‌లో ఆగిపోయింది. కన్ను విచ్చుకుని పట్టీ ఊడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ కొత్త పట్టీ డబ్బులు నా జీతంలోంచే పోయాయి. కమాన్ పట్టీది టెంపర్ పట్టిన ఉక్కు, అంటే కాచి స్ప్రింగు గుణం తెప్పించింది. కాలిస్తే ఆ టెంపర్ పోతుంది. రబ్బరు పొగ పీల్చడం సరేసరి.

ముందు బోల్టు సంగతి చూడండి. మీ ఉద్దానం వైపు ఉప్పుగాలికి బోల్టూ, దాని చుట్టూ ఉండే లోపలి గొట్టమూ తుప్పుపట్టి ఒకటైపోతాయి. పానా వేసి తిప్పండి. కొంచెం తిరిగి, వదలగానే వెనక్కి వచ్చేస్తోందా? అయితే బోల్టుతోపాటు గొట్టమూ తిరుగుతోంది, మెలిపడిన రబ్బరు దాన్ని వెనక్కి లాగుతోంది. అలాంటప్పుడు సమ్మెట దెబ్బలన్నీ ఆ రబ్బరే మింగేస్తుంది. రాత్రంతా తుప్పు వదిలించే ఆయిల్ పోసి ఉంచండి. పొద్దుటికీ కదలకపోతే దాని మీద ఆశ వదిలేసి, కన్నుకి రెండు పక్కలా కోసేయండి. కొత్త బోల్టు ఎంతలో వస్తుంది!

తర్వాత లోపలి గొట్టం చుట్టూ దగ్గరదగ్గరగా డ్రిల్లింగ్ వేస్తే రబ్బరు పీచులుపీచులుగా వస్తుంది. గొట్టాన్ని బయటికి తోసేయొచ్చు. ఇక కన్నుని కరుచుకుని పల్చటి ఇనుప డొల్ల మిగులుతుంది. ఓపిక కావాల్సింది ఇక్కడే. హ్యాక్‌సా బ్లేడు విప్పి, కన్నులోంచి దూర్చి, మళ్లీ ఫ్రేముకి బిగించి డొల్లని ఈ చివర నుంచి ఆ చివర దాకా కోయండి. డొల్ల మెత్తన, బ్లేడు తింటూ పోతుంది. ఉక్కు తగలగానే జారుతుంది, కీచుమంటుంది. ఆ క్షణమే ఆపేయాలి. కన్నులో గీత పడితే రేపు పగులు అక్కడే మొదలవుతుంది. పక్కనే ఇంకో గాటు వేసి, మొద్దు ఉలితో మధ్య ముక్కని లోపలికి మడిస్తే మిగతాది దానంతటదే వదులవుతుంది.

కొత్తదాన్ని కొట్టి దించకండి. పొడవునా మరలున్న రాడ్డు, అవతలి పక్క ఆనడానికి ఓ పైపు ముక్క, ఇవతల మందపాటి వాషర్ పెట్టి నట్టు తిప్పితే మెల్లగా దిగుతుంది. ఒత్తిడి బయటి డొల్ల మీదే పడాలి. కన్ను లోపల ఎమరీతో రుద్ది సబ్బునీళ్లు రాయండి. గ్రీజు, పాత ఇంజిన్ ఆయిల్ రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది.

బండి జాకీ మీద వేలాడుతుండగా మాత్రం బోల్టు పూర్తిగా బిగించొద్దు. కొత్త బుష్షులు తొందరగా చిరిగాయని నా దగ్గరకొచ్చిన బండ్లలో చాలావాటికి ఇదే జరిగింది. కిందకి దించగానే రబ్బరు మెలిపడి, ఇంక రాత్రీ పగలూ అలాగే ఉండిపోతుంది. చక్రాలు నేలకి ఆనాక, బండిని ముందుకీ వెనక్కీ ఊపి, అప్పుడు బిగించండి. రెండు వైపులా ఒకేసారి మార్చండి. మీది ఇసుక నేల కాబట్టి జాకీ కింద మందపాటి చెక్క, ఛాసిస్ కింద స్టాండ్లు తప్పనిసరి. ఇటుకలు పేర్చి కింద దూరితే నేను ఒప్పుకోను.

ఇంత చేశాకా ఎడమకే లాగితే బ్రేకులు విప్పించి చూడాల్సిందే.

ప్రశ్న: నాన్నగారిని ఆసుపత్రికి తిప్పే పాత మారుతి 800 ఉంది. రబ్బరు బదులు పాలీయురేథేన్ బుష్షులు వేస్తే ఎక్కువ కాలం వస్తాయంటున్నారు. వేయించనా? (చీపురుపల్లి నుంచి ఓ పాఠకురాలు)

జవాబు: మన్నిక ఎక్కువే తల్లీ. కానీ గట్టివి, ప్రతి గతుకూ సీటుదాకా వస్తుంది. ఎక్కేది మీ నాన్నగారు కాబట్టి రబ్బరువే వేయించండి.