జలుబు మాత్ర తర్వాత మూత్రం ఆగిపోయింది, పీఎస్‌ఏ 9: సమాధానం

మీ నాన్నగారికి 68 ఏళ్లు, జలుబు మాత్ర వేసుకున్న రాత్రే మూత్రం ఆగిపోతే గొట్టం వేశారు, మర్నాడు పీఎస్‌ఏ (మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ప్రొటీన్ కొలత) 9 వచ్చింది, క్యాన్సరేనా అని అడిగారు. ఆ అంకెను బట్టి ఇప్పుడే ఏమీ తేల్చలేమండీ. మూత్రం బిగుసుకున్నా, గొట్టం వేసినా, ఇన్ఫెక్షన్ ఉన్నా పీఎస్‌ఏ పెరుగుతుంది. గొట్టం తీశాక ఆరు వారాలు ఆగి మళ్లీ చేయించండి. అప్పుడూ ఎక్కువే ఉంటే ఎమ్మారై, అవసరాన్ని బట్టి బయాప్సీ.

అసలు దోషి ఆ మాత్రే అయ్యుండాలి. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే జలుబు మాత్రల్లో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసే ఉంటాయి. మొదటిది మూత్రాశయం కండరం బిగువు తగ్గిస్తుంది, రెండోది దాని మెడను బిగిస్తుంది. ప్రొస్టేట్ పెరిగిన మనిషికి అది చాలు. స్ట్రిప్ వెనక ఆ పేర్లుంటే మళ్లీ ఇవ్వొద్దు.

మూత్రాశయం మెడ బిగువు సడలించే టామ్సులోసిన్ 0.4 మి.గ్రా. రాసే ఉంటారు. రోజూ ఒకే పూట, భోజనమైన అరగంటకు వేయండి; క్యాప్సూల్ నమలకూడదు. బీపీ పడి తూలొచ్చు, అందుకే రాత్రి లేచినప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చోమనండి. శుక్లం ఆపరేషన్ అనుకుంటే ఈ మందు సంగతి కంటి డాక్టరుకు ముందే చెప్పాలి, ఆపేసినా సరే. ప్రొస్టేట్‌ను కుదించే ఫినాస్టరైడ్ కూడా ఉంటే గుణం కనిపించడానికి ఆర్నెల్లు పడుతుంది. పైగా అది పీఎస్‌ఏని సుమారు సగానికి దించుతుంది. అప్పుడొచ్చిన 3ని 6గా చదవాలి.

గొట్టం తీసిన రోజు నాలుగైదు గంటలైనా మూత్రం రాకపోయినా, ఈలోపే పొత్తికడుపు ఉబ్బి నొప్పి పుట్టినా, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.