పాత పికప్పు, కొత్త రేకు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. పన్నెండేళ్లుగా టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఊరి బయట ఒక రైతు దగ్గర 1951 నాటి షెవ్రొలే 3100 పికప్పు కొన్నాను. ఇంజిన్ తిరుగుతోంది గాని క్యాబిన్ వెనక మూలలు, తలుపుల అడుగు, గడప పట్టీలు (తలుపు కింద పొడవునా ఉండే రేకు) తుప్పు తినేశాయి. కేటలాగుల్లో 1947-55 అని రాసి అమ్మే బాడీ భాగాలన్నీ నా బండికి సరిపోతాయా? మడ్‌గార్డులు కొత్తవి కొనమంటారా, ఉన్నవే బాగుచేయించమంటారా?

జవాబు: అన్నీ సరిపోవు. 1947 వేసవిలో షెవ్రొలే విడుదల చేసిన ‘అడ్వాన్స్ డిజైన్’ ట్రక్కులు 1955 మొదటి నెలల దాకా పైకి ఒకే అచ్చులో పోసినట్టు కనిపిస్తాయి గాని, లోపల ఏడాదికొకటి మారుతూనే వచ్చింది. ముందు అద్దం 1953 వరకు నడుమ పట్టీతో రెండు ముక్కలుగా ఉండి 1954లో ఒకే ముక్క అయింది. ముందు జాలీ కూడా ఆ ఏడే మారింది. మీకు అసలు చిక్కు వచ్చేది తలుపుల దగ్గర. తలుపు అద్దం పక్కన తెరుచుకునే చిన్న త్రికోణపు కిటికీ 1951లోనే వచ్చింది, బయటి పిడి నొక్కుడు బొత్తాం రకానికి మారింది 1952లో. అంటే త్రికోణపు కిటికీతో పాటు కిందికి తిప్పే పిడి కూడా ఉన్న తలుపు మీ ఏడాది బండికే ఉంటుంది. అందువల్ల తలుపు ఎంత తుప్పుపట్టినా తీసి పారేయకండి. తలుపు కింది భాగంలో అయిదారు అంగుళాల రేకును కోసి, అంత మేరకే అతుకు వేయించండి. ఆ అతుకు ముక్కలు ఈ తరం ట్రక్కులకు కొత్తగా తయారై సులువుగానే దొరుకుతున్నాయి. పాత తలుపే కావలసివస్తే అదే ఏడాది నాటి జీఎంసీ (షెవ్రొలే యజమాని జనరల్ మోటార్స్ వారిదే ఇంకో పేరు) ట్రక్కులనూ వెతకండి. వాటి ముందు జాలీ వేరు గాని క్యాబిన్, తలుపులు షెవ్రొలేవే.

ఇక వెనక మూలలు. ఇక్కడ ఒక్క మాట ముందుగా చెప్పాలి. మీ బండిలో పెట్రోలు ట్యాంకు క్యాబిన్ లోపలే, సీటు వెనకే ఉంటుంది. మీరు వెల్డింగ్ చేయించబోయే మూలకు దానికి మధ్య జానెడు దూరం కూడా ఉండదు. ట్యాంకును విప్పి షెడ్డు బయటికి చేర్చే దాకా గ్రైండరును ముట్టుకోనివ్వకండి. ఖాళీ ట్యాంకే కదా అనుకోవద్దు. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిలిచిన ఖాళీ ట్యాంకే ప్రమాదం.

పని వరుస కూడా ముఖ్యం. గడప పట్టీ, మూల, నేల రేకు మూడూ కలిసే తలుపు ద్వారాన్ని పట్టి నిలుపుతాయి. మూడింటినీ ఒకేసారి కోసేస్తే క్యాబిన్ వెంట్రుకవాసి కుంగినా చాలు, తర్వాత తలుపు జన్మలో సరిగా మూసుకోదు. కాబట్టి తలుపులు బిగించి ఉండగానే చుట్టూ ఉన్న సందును నాలుగు చోట్ల కొలిచి రాసుకోండి. తలుపు ద్వారానికి అడ్డంగా ఒక ఇనుప గొట్టాన్ని టాక్ వెల్డింగ్ (తాత్కాలికంగా చుక్కలతో అతికించడం) చేయించండి. క్యాబిన్ ఛాసిస్ మీద కూర్చునే మౌంటు చోట్లను మొదట బాగుచేయించి, తర్వాత నేల, ఆ తర్వాత గడప, చివరికి మూల, ఈ క్రమంలో ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్కకు వెళ్లండి. అతుకుకు 18 గేజ్ రేకు, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం, తీసుకోండి. చౌకగా వస్తోందని పల్చటి రేకు తీసుకుంటే పాత రేకు అంచున వెల్డింగ్ వేడికి అది చిల్లులు పడుతుంది. వెల్డింగ్‌ను గీతగా లాగకుండా ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క జానెడు అవతల వేసుకుంటూ పోతేనే రేకు వంకర తిరగదు. ఇది ఓపిక పని. గంటల లెక్కన డబ్బు తీసుకునే మేస్త్రీకి ఈ ఓపిక ఉండదని నా అనుభవం, అందుకని మీరే దగ్గర కూర్చోండి.

మడ్‌గార్డుల విషయంలో నా ఓటు పాతవాటికే. అవి బోల్టులతో బిగించినవి కాబట్టి విప్పి బల్ల మీద పెట్టి తీరిగ్గా సొట్టలు తీయవచ్చు. కొత్తగా అచ్చు గుద్దిన వాటిలో మంచివీ ఉన్నాయి గాని బోల్టు రంధ్రాలు పావు అంగుళం అటూ ఇటూ ఉండటం, అంచు వంపు తలుపు గీతతో కలవకపోవడం తరచుగా చూస్తాం. కొంటే మాత్రం రంగు వేయకముందే బండికి బిగించి చూడండి. రంగు తగిలిన భాగాన్ని ఏ అంగడివాడూ వెనక్కి తీసుకోడు. పాత మడ్‌గార్డు కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం, దాని చుట్టూ పల్చటి గుడ్డ ఉంచుకోండి. అంచు వెంబడి జరుపుతూ పోతే పట్టు సడలిన చోట రేకు కాదు, లప్పం ఉన్నట్టు. ఫోర్ట్‌వర్త్ దగ్గర రేస్ ట్రాక్ ఆవరణలో ఏటా వసంతకాలంలో జరిగే పేట్ స్వాప్ మీట్ (పాత బండి భాగాల సంత) మీకు కారులో గంట దూరమే. ఇంతటి పెద్ద భాగాలను రవాణా ఖర్చు పెట్టి తెప్పించుకోవడం కంటే చేతితో తడిమి చూసి తెచ్చుకోవడం మేలు.

ఇంకొకటి: ఎడమ తలుపు స్తంభం మీద ఉన్న బండి గుర్తింపు నంబరు పలకను రంగు కోసమని విప్పవద్దు. దాని మీద టేపు అంటించి పని చేయించండి.

ప్రశ్న: మా నాన్నగారు రాజమండ్రిలో నడిపిన 1968 మహీంద్రా ఎఫ్.సి. 150 పికప్పు ఇప్పటికీ మా పెరట్లో ఉంది. క్యాబిన్ రేకు సగం పోయింది. విజయవాడ ఆటోనగర్‌లో చూపిస్తే పాత క్యాబిన్ తీసేసి కొత్త బాడీ కడతామన్నారు. అలా చేయించవచ్చా?

జవాబు: బండిని పొలం పనికి వాడుకుంటారా, పాతబండిగా నిలుపుకుంటారా అన్నది ముందు తేల్చుకోండి. రెండోదైతే కొత్త క్యాబిన్ కట్టించవద్దు. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నమోదు తెచ్చారు. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, సొంతానికి వాడే వాహనం అయి ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పు ఉండకూడదు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఆ నంబరుతో బండిని రోజూ తిప్పడానికీ, అద్దెకు నడపడానికీ వీల్లేదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతుకూ తీసుకువెళ్లవచ్చు. మీది సరుకు రవాణా వాహనంగా నమోదై ఉంటే ఆ సంగతిని ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే ఆర్టీవో కార్యాలయంలో ఆర్సీ చూపించి తేల్చుకోండి.

ఇంజిన్ మీద డ్రైవరు కూర్చునే ఈ ముక్కు లేని బండికి మామూలు జీపు రేకులు పనికిరావు. మామూలు జీపు బాడీ భాగాలు పంజాబ్, హర్యానా వైపు కొత్తవి తయారై కావలసినన్ని దొరుకుతాయి గాని ఎఫ్.సి. క్యాబిన్‌ది ఆ దారి కాదు. అదృష్టం కొద్దీ ఆ క్యాబిన్‌లో మడతలే ఎక్కువ, గుండ్రటి వంపులు మూలల్లోనే. బాగున్న పక్కన మందపాటి కాగితం పరిచి అచ్చు తీసి, దాన్ని తిరగేసి రెండో పక్కకు వాడవచ్చు. మూలల వంపులకు పాతకాలపు బస్సు బాడీ మేస్త్రీ కావాలి. ఇసుక సంచి మీద రేకు పెట్టి కొయ్య సుత్తితో కొట్టి వంపు తెచ్చేవాళ్లు ఆటోనగర్‌లోనే ఇంకా ఉన్నారు. మీరు అడగవలసింది కొత్త బాడీ కట్టేవాళ్లను కాదు, వాళ్లనే. తుప్పు రేకును కోసినా పారేయనివ్వకండి, కొత్త ముక్క పక్కన పెట్టి చూసుకోవడానికి చివరి దాకా అవసరం పడుతుంది.

ప్రశ్న: లప్పం ఎంత మందం దాకా పెట్టవచ్చు? (ఖమ్మం)

జవాబు: సొట్ట తీశాక 2, 3 మిల్లీమీటర్లకు మించకూడదు. అంతకంటే ఎక్కువ అవసరమైందంటే సొట్ట ఇంకా తీయలేదనే అర్థం. లప్పం నీటిని పీలుస్తుంది కాబట్టి ఉత్త రేకు మీద కాకుండా ఎపాక్సీ ప్రైమర్ మీద పెట్టించండి, రుద్దిన వెంటనే పైన మళ్లీ ప్రైమర్ కొట్టించండి. రెడాక్సైడ్ ఒక్క పూత కొట్టి, రంగు తర్వాత చూద్దామని బండిని వానాకాలమంతా చెట్టు కింద ఉంచితే, దసరా నాటికి లప్పం కింద మళ్లీ తుప్పు మొదలై ఉంటుంది.