440 గుర్తులు ఎవరు వేస్తారు?
(ఒక కొత్త కథకురాలికి ఉత్తరం)

బరంపురం

అమ్మాయ్,

నీ కథ రెండుసార్లు చదివాను. చిల్కా సరస్సు మధ్య చిన్న దీవి, దాని మీద గంజపా (పేకలాంటి పాత ఒడియా ఆట) ముక్కలు చేసే ఇల్లు, ఆ ఇంట్లో తాత, తండ్రి, కోడలు, పన్నెండేళ్ళ పిల్ల. సరుకు మంచిదే. కానీ ఇరవై పేజీలు తిప్పినా ఒక్కరి చేతికీ రంగు అంటలేదు. అందరూ గట్టున కూర్చుని నీళ్ళకేసి చూస్తూ కళ గురించి మాట్లాడుకుంటున్నారు. పని జరిగే ఇంట్లో ఎవరూ అలా మాట్లాడుకోరు. "జిగురు పులిసిపోయింది, పారబొయ్యి" అంటారు. "ఎండ పోతోంది, బేగి తియ్యండి" అంటారు. నీ కుటుంబం ఈ రెండు మాటల మధ్యే ఉంది. అక్కడికి పోదాం.

ముందు లెక్క. తాత "52 ముక్కల కట్ట" చేశాడని రాశావు. అది పేక. గంజపా ముక్కలు గుండ్రంగా ఉంటాయి, లెక్క వేరు. రంగులంటే పేకలో ఇస్పేటు, ఆఠీను లాంటివి. ఎనిమిది రంగుల కట్టలో రంగుకి 12 చొప్పున 96 ముక్కలు. పది రంగులదైతే 120. ప్రతి రంగులోనూ ఒక రాజు, ఒక మంత్రి, తర్వాత ఒకటి నుంచి పది దాకా గుర్తుల ముక్కలు. ఇప్పుడు పెన్సిలు తీసి లెక్క కట్టు. ఒకటి నుంచి పది దాకా కూడితే 55. ఎనిమిది రంగులకీ 440 గుర్తులు. రాజులూ మంత్రులూ కలిసి 16 బొమ్మలు. ఆ 16 బొమ్మలు తాత వేస్తాడని చదివేవాళ్ళకి నువ్వు చెప్పక్కర్లేదు. మరి 440 గుర్తులు ఎవరు వేస్తారు? ఒకే ఆకారం, ఒకే కొలత, చెయ్యి తిరిగేదాకా, విసుగు పుట్టేదాకా, మెడ పట్టేసేదాకా. నీ కథలో కోడలికీ పిల్లకీ చోటు అక్కడుంది. తాతకీ తండ్రికీ మధ్య పడదని మూడు చోట్ల చెప్పావు. ఆ మూడూ కొట్టెయ్. తండ్రికి నలభై ఏళ్ళు వచ్చినా తాత ఇంకా గుర్తుల ముక్కలే చేతికిస్తున్నాడని ఒక్కసారి చూపించు, చాలు.

ఇక పటి తయారీ, అంటే ముక్కలు కత్తిరించే జిగురు గుడ్డ. దీని మీద నువ్వు ఒకే వాక్యం రాశావు, "గుడ్డ మీద బొమ్మలు వేస్తారు" అని. ఇక్కడ నాలుగు పేజీలు రాయొచ్చు, రాయాలి కూడా.

చింతపిక్కలు రెండు మూడు రోజులు నానబెట్టాలి. పై తోలు చేత్తో నలిపితే ఊడిరావాలి. ఊడకపోతే ఇంకా నానలేదన్నమాట. తోలు తీసి, మెత్తగా రుబ్బి, కుండలో నీళ్ళు పోసి ఉడికించాలి. గరిటె ఆపకూడదు. ఆపితే అడుగు మాడుతుంది, పైన ఉండలు కడుతుంది. ఉండ కట్టిన జిగురు గుడ్డ మీద పూస్తే అక్కడ మొటిమలా లేస్తుంది, తర్వాత ఎంత రాయితో రుద్దినా అణగదు. వేసవిలో ఈ జిగురు ఎక్కువ నిలవ ఉండదు, పులిసి కంపు కొడుతుంది. పుస్తకాల బైండింగు వాళ్ళు జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపేది పురుగు పట్టకుండా ఉండాలనే. నీ కథలో బొద్దింకలు, ఎలుకలు అసలు లేవు. చింతపిక్కల జిగురున్న ఇంట్లో అవి లేకపోవడమా! దూలానికి తాడు కట్టి పటిని వేలాడదియ్యి, నమ్ముతాను.

గుడ్డ పాత నూలు చీర. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, జిగురు లోపలికి దిగదు. పాత చీర ఉతికి ఉతికి మెత్తబడి ఉంటుంది. రెండు పొరలు పరిచి మధ్యన జిగురు పూసి, అరచేత్తో నడిమి నుంచి అంచుకి గాలి తోసేస్తూ అంటించాలి. గాలి బుడగ మిగిలితే అప్పుడు కనబడదు. ఆరు నెలల తర్వాత ఆటలో ముక్కలు కలుపుతుంటే రెండు పొరలూ విడిపోతాయి. ఇది నీకు బాగా పనికొచ్చే సంగతి: తప్పు ఈ ఇంట్లో జరుగుతుంది, బయటపడేది ఎక్కడో కొన్నవాడి చేతిలో.

ఆరాక సుద్దపొడి అదే జిగురులో కలిపి రెండు వైపులా పూత. ఆరనిచ్చి మళ్ళీ పూత. తర్వాత ముందు గరుకు రాయితోనూ, పిమ్మట నున్నటి రాయితోనూ తోలులా మెరిసేదాకా రుద్దుతారు. తడి ఉండగా రుద్దితే సుద్ద లేచి రాయికి అంటుకుంటుంది. పూత మందమైతే వంచినప్పుడు పగులుతుంది. ఒక వైపే ఎండిస్తే అప్పడంలా ముడుచుకుంటుంది. ముక్క అడ్డుకొలత రెండంగుళాలనుకో. కత్తెరకి చోటు వదిలి రెండుంపావు అంగుళాల చదరం పెట్టుకుంటే అడ్డం 12, నిలువు 8. అంటే 27 అంగుళాలు, 18 అంగుళాల పటి. వరసకి ఒక రంగు. రెండు పొరలు కాబట్టి గుడ్డ 54 అంగుళాల పొడవు కావాలి. చీరలో ఎంత పోతుందో, ఎంత మిగులుతుందో కోడలికి తెలుస్తుంది. అది ఆవిడ చీరే గదా. అత్తగారిది కూడా కావచ్చు. ఎవరిదో నువ్వే తేల్చుకో, ఎందుకంటే ఆ నిర్ణయంతో కథ మలుపు తిరుగుతుంది.

రంగుల దగ్గర నువ్వు "ప్రకృతి సిద్ధమైన రంగులు" అని రాసి తప్పించుకున్నావు. పేర్లు రాయి. తెలుపు శంఖం పొడి. నలుపు దీపం మీద మూకుడు బోర్లించి పట్టిన మసి. ఎరుపు ఇంగిలీకం. పసుపు తాళకం. ముదురు గోధుమకి కావిరాయి. అన్నిటికీ పట్టు వెలగ బంక. బంక తక్కువైతే రంగు వేలికి పొడిగా రాలుతుంది, ఎక్కువైతే ఎండి పెచ్చులు కడుతుంది. అన్నిట్లోకీ శంఖం తెలుపు కష్టం: దంచి, నూరి, నీళ్ళలో కలిపి తేర్చి, మళ్ళీ నూరాలి. నూరడంలో చాలిందనుకుని ఆపేస్తే కుంచె కింద ఇసక తగిలినట్టుంటుంది.

ఇంకో మాట. నీ కథలో పిల్ల కుంచె మొన నోట్లో పెట్టి తడి చేసుకుంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ ఇంగిలీకంలో ఉన్నది పాదరసం, తాళకంలో ఉన్నది పాషాణం. ఆ పని చూస్తే తల్లి వీపు మీద ఒకటి వేస్తుంది. ఆ దెబ్బ రాయి, ముచ్చట తీసెయ్.

ఆఖర్న నల్ల గీత. బొమ్మలో ఒంటి రంగులు, బట్టలు, నగలు అన్నీ అయ్యాక సన్నటి కుంచెతో నలుపు గీత తిప్పుతారు. కళ్ళు, వేళ్ళు, నగల అంచులు అప్పుడే పుడతాయి. చెయ్యి ఒణికితే దిద్దడానికి లేదు. ఆ పూట ఇంట్లో ఎవరూ గట్టిగా నడవరు, మాట్లాడరు. నువ్వేమో సరిగ్గా అక్కడే తాత చేత పేజీన్నర సంభాషణ చెప్పించావు. మాటలు పిక్కల తోలు తీసేటప్పుడు పెట్టు, రాయితో రుద్దేటప్పుడు పెట్టు. అప్పుడు నోరు ఖాళీ. తాత చెయ్యి ఒణకడం మొదలైందని ఇంట్లో అందరికన్నా ముందు ఎవరు కనిపెడతారు? నా లెక్కన పిల్ల, ఎందుకంటే ఆఖరి లక్క పూతకి ముక్కలు ఒక్కొక్కటీ అందించేది తనే.

ఒక్క ముక్క పోతే కట్ట మొత్తం పనికిరాదని రాశావు, అది నిజం. కొత్తది ఒకటి చేసి పెట్టొచ్చు కదా అని చదివేవాళ్ళు అడుగుతారు. కుదరదు. ఆటలో ముక్క వెనకవైపు అన్నిటికీ ఒకేలా ఉండాలి. చేతుల్లో నలిగి మాసిన 95 మధ్య కొత్తది ఒకటి వస్తే బోర్లించి ఉన్నా అది ఏ ముక్కో తెలిసిపోతుంది. ఈ సంగతి ఒక మాటలో చెప్పు.

ఇక దీవి. చిత్రకారుల ఇళ్ళు పర్లాకిమిడి, చికిటి, దిగపహండి లాంటి రాజుల ఊళ్ళలో ఉన్నాయి, కోటల నీడన బతికిన పని ఇది. చిల్కా దీవుల్లో, ఒడ్డుల్లో ఎక్కువగా ఉన్నది చేపలు పట్టేవాళ్ళు, అందులో ఒడియావాళ్ళు నోలియాలు అనే మన జాలర్లూ ఉన్నారు. కాబట్టి నీ కుటుంబం అక్కడికెందుకొచ్చిందో నీకు తెలిసుండాలి. అప్పు వల్లా, ఇల్లరికం వల్లా, పాలివాళ్ళ తగువు వల్లా? కథలో రాయకపోయినా పరవాలేదు, తెలియకపోతే మాత్రం పట్టుబడతావు.

దీవికి పేరు పెట్టలేదు, సరే. ఏ వైపో అయినా తేల్చుకో. నీ వర్ణన చూస్తే నలబణలా ఉంది. అది పక్షుల అభయారణ్యం, వానాకాలంలో నీళ్ళలో మునిగిపోతుంది, అక్కడ ఇల్లుండదు. రంభ వైపు రాతి దీవులున్నాయి, గంజాం జిల్లా, రైలు స్టేషను దగ్గర. అక్కడ పెట్టుకో. అప్పుడు రోజూ గంతులేసే ఆ డాల్ఫిన్లని తీసెయ్యాలి. వాటిని చూడ్డానికి జనం వెళ్ళేది సరస్సు ఇంకో వైపున్న సాతపడాకి. పైగా చిల్కాలో ఉండే ఇరావతి రకం గుండ్రటి తలతో మెల్లగా పైకొచ్చి మునుగుతుంది, సినిమాలోలా ఎగరదు. జంతువు కావాలనుకుంటే రంభ దగ్గర బర్కుడా దీవి మీద కాళ్ళు లేని నలికిరి ఒకటుంది, 1917లో దాన్ని శాస్త్రవేత్తలు గుర్తించి ఆ దీవి పేరే పెట్టారు. చిల్కాలో మునిగి దేవతైందనే కాళిజాయి పెళ్ళికూతురి కథ కూడా వద్దు. చిల్కా మీద రాసే ప్రతివాళ్ళూ ఆ పిల్లని మరోసారి ముంచుతున్నారు. కావాలంటే సంక్రాంతికి కాళిజాయి తీర్థంలో ముక్కలు అమ్మకానికి పెట్టించు.

దీవి అంటే నీకు అందం. ఈ పనికి దీవి అంటే నీళ్ళు, తేమ. చిల్కా నీరు ఉప్పు. వరదలకి ఉత్తరం వైపు దాదాపు మంచినీళ్ళవుతాయి గానీ దక్షిణాన రంభ వైపు ఆ తేడా తక్కువ. ఆ నీళ్ళతో జిగురు ఉడికిస్తే ఉప్పు గుడ్డలోనే ఉండిపోయి గాల్లో తేమని పీలుస్తుంది, పటి బిగుసుకోదు. కాబట్టి జిగురుకి నీళ్ళు పడవలో రావాలి, లేదా వాననీళ్ళు కుండల్లో పట్టాలి. ఇంట్లో తాగేందుకూ అవే. వేసవిలో కుండ అడుగంటినప్పుడు జిగురుకా, అన్నానికా? ఇంతకన్నా పెద్ద తగువు నువ్వు కల్పించనక్కర్లేదు. కథ ఏ ఏటిదో కూడా చూసుకో. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తవ్వాక చిల్కా ఉప్పు పెరిగింది. అంతకు ముందు నీరు చప్పబడి కలుపు మొక్కలు అల్లుకుపోయేవి.

ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా పటి ఎండదు. వేసవిలో చేసి పెట్టుకున్న పటి మీద వానల్లో బొమ్మలు వేస్తారని పెట్టుకుంటే నీ కాలక్రమం దానంతటదే కుదురుతుంది. ఇప్పుడు నువ్వు శ్రావణంలో సుద్ద పూయించి మర్నాడే రాయితో రుద్దించావు. తుపాను సంగతి: ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12 రాత్రి, దసరా రోజుల్లో. నువ్వు మేలో పెట్టావు. అసలు తుపానుతో కథ ముగించడం నాకిష్టం లేదు. తాతకీ కొడుక్కీ మధ్య తేలనిది గాలి వచ్చి తేల్చేస్తే నువ్వు రాసిందేముంది?

చివరిగా భాష. నీ తాత పుస్తకంలా మాట్లాడుతున్నాడు. గిడుగు రామమూర్తిగారు 1880 నుంచి పంతులుగా పనిచేసిన పర్లాకిమిడి నుంచి వచ్చిన మనిషి చేత "నేను నిష్క్రమించెదను" అనిపించావు. ఆయన 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్ళిపోయారు గానీ, మాట ఇక్కడే ఉండిపోయింది. "నేదు", "ఏటి", "బేగి" వాడు. ఇంట్లో పటి, ఖడి అంటే అలాగే రాయి. పక్కన అర్థం చెప్పకు. ఖడితో ఏం చేస్తున్నారో చూపిస్తే సుద్ద అని చదివేవాళ్ళకే తెలుస్తుంది. కోడలు మావగారిని పేరు పెట్టి పిలిచింది రెండో పేజీలో, అది దిద్దు.

మొత్తం తిరగరాయకు ఇప్పుడే. మొదటి నాలుగు పేజీలు పంపు: నీళ్ళ కుండ, నానిన పిక్కలు, కోడలి చేతిలో పాత చీర. ఎంత గుడ్డ పోయిందో అంగుళాల్లో ఉండాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు